‘తాళాలు ఇచ్చేస్తే ఇక టెన్షన్ లేదు’ అన్న సలహాకు జవాబు

ఫ్లాట్ అద్దెకు ఇవ్వాలనుకునే ఓనర్ల కోసమంటూ ఒక సలహా ఫోన్ నుంచి ఫోన్‌కు తిరుగుతోంది. దాని సారాంశం ఇది. నలుగురు ఏజెంట్లను పిలిచి ఫ్లాట్ చూపించండి. ఎవరు ఎక్కువ అద్దె చెబితే వాళ్లకే మార్కెట్ తెలిసినట్టు. అందరూ చేసే పని ఒకటే కాబట్టి కమిషన్ తక్కువ అడిగినవాళ్లకు ఇవ్వండి. ఇంకా తొందరగా ఉంటే నలుగురికీ ఇచ్చేయండి. అగ్రిమెంట్ వాళ్ల దగ్గర రెడీగా ఉంటుంది, సంతకం పెడితే చాలు. తాళాలు ఇచ్చేశాక మీకు టెన్షన్ లేదు, బాధ్యతంతా ఏజెంట్‌దే.

నలుగురిని పిలిచి మాట్లాడమన్నంత వరకు నాకూ అభ్యంతరం లేదు. మిగతాదంతా ఓనర్‌కు నష్టం తెచ్చేదే. అది అప్పు చేసి కొన్న ఫ్లాట్ కావచ్చు, రిటైరయ్యాక ఆ అద్దె మీదే ఇల్లు గడుస్తుండవచ్చు. అలాంటివాళ్లు కూడా దీన్ని నమ్ముతున్నారు కాబట్టే ఒక్కో మాటకూ జవాబు చెప్పాలనిపించింది. ఏజెంట్ మీ పేరు మీద పనిచేసే మనిషి. మీ తరఫున డబ్బు తీసుకుంటారు, మీ తరఫున మాట ఇస్తారు, మీ ఇంట్లోకి ఎవరిని దింపాలో చూస్తారు. అందుకే, అద్దెదారు దిగాక వాళ్లు ఏం చేస్తారన్నదాన్ని బట్టి ఏజెంట్‌ను ఎంచుకోవాలి. ఆ సలహాలో దాని ఊసే లేదు.

ముందు అద్దె సంగతి. ఎక్కువ అద్దె చెప్పడానికి ఏజెంట్‌కు పైసా ఖర్చు లేదు. మీ చేత సంతకం పెట్టించుకోవడానికి అదే తేలిక దారి. సంతకం అయ్యాక కొన్ని వారాలు గడుస్తాయి, చూసేవాళ్లు చూసిపోతుంటారు, ఆ తర్వాత ‘కొంచెం తగ్గిద్దామండీ’ అని ఫోన్ వస్తుంది. ఈలోగా ఖాళీగా పోయిన రోజులు మీవి, మెయింటెనెన్స్ మీది. లెక్క వేసి చూడండి. సరైన అద్దెకు వెంటనే కుదిరితే ఏడాదికి 12 నెలల అద్దె చేతికొస్తుంది. అంతకన్నా 10 శాతం ఎక్కువ చెప్పి ఒక నెల ఖాళీగా ఉంచితే, మిగిలిన 11 నెలల్లో వచ్చేది పాత లెక్కలో 12.1 నెలల అద్దె. అంటే అంత ఆగినా కలిసొచ్చింది మూడు రోజుల అద్దె. రెండు నెలలు ఖాళీగా ఉంటే వచ్చేది 11 నెలల అద్దె మాత్రమే, ఒక నెల అద్దె పూర్తిగా పోయినట్టు. కాబట్టి ‘ఎంత వస్తుంది?’ అని అడిగి ఊరుకోకండి. ఈ మధ్య ఇలాంటి ఫ్లాట్లు వేటిని అద్దెకు ఇప్పించారు, ప్రకటనలో ఎంత పెట్టారు, చివరికి ఎంతకు కుదిరింది, ఎన్నాళ్లు ఖాళీగా ఉన్నాయి అని అడగండి. నిజంగా పని చేసినవాళ్లు తడుముకోకుండా చెబుతారు.

ఇక ‘అందరూ చేసే పని ఒకటే’ అన్న మాట. సలహా మొత్తంలో ఎక్కువ హాని చేసేది ఇదే. కొందరు ఏజెంట్లు అద్దెదారును చూసిపెట్టి తప్పుకుంటారు. కొందరు నెలనెలా అద్దె వసూలు చేసి మీకు పంపుతారు. ఇంకొందరు రిపేర్లు, తనిఖీలు, ఖాళీ చేయించే రోజు లెక్కల దాకా అన్నీ చూసుకుంటారు. ఈ మూడింటి కమిషన్లనూ పక్కపక్కన పెట్టి ఏది తక్కువో చూస్తే ఏమీ తేలదు. ఒకే రకం పనికి ఒకరు 8 శాతం, ఇంకొకరు 10 శాతం అడిగారనుకుందాం. ఆ తేడా ఏడాది మొత్తం మీద ఒక వారం అద్దె. అద్దెదారు సరిగా కట్టకపోతే ఒక్క నెలలోనే అంతకు నాలుగింతలు పోతుంది.

ఆ నష్టం రాకుండా చూడాల్సింది అద్దెదారును ఎంచుకునే దశలోనే. ‘బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తాం’ అని అందరూ అంటారు. ఏం చేస్తారో విడమరిచి చెప్పమనండి. జీతం పత్రాలు చూస్తారా, అవి నిజమో కాదో ఉద్యోగం ఇచ్చిన చోట కనుక్కుంటారా? పాత ఓనర్‌తో మాట్లాడతారా? ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఇప్పటి ఓనర్ ఆ అద్దెదారును ఎలాగైనా వదిలించుకోవాలనుకుంటే మంచిగానే చెబుతాడు. అందుకని అంతకు ముందు ఇంటి ఓనర్‌కు కూడా ఫోన్ చేసే ఏజెంట్‌కు పని తెలుసు. మతం ఏమిటి, పెళ్లయిందా అని అడిగి దాన్నే చెక్ అనుకునేవాళ్లను మాత్రం దూరం పెట్టండి. ఆ జవాబుల్లో అద్దె కడతారా లేదా అన్నది ఎక్కడా ఉండదు. పైగా సాటి మనిషిని అలా నిలబెట్టి అడగడం తప్పు, చాలా దేశాల్లో చట్టరీత్యా కూడా తప్పే.

తక్కువ కమిషన్ ఎక్కడో ఒకచోట పూడుతుంది. రిపేర్ బిల్లు మీద కొంత, తనిఖీకి కొంత, అగ్రిమెంట్ రెన్యువల్‌కు కొంత. ఏజెంట్ పంపే నెలవారీ స్టేట్‌మెంట్ నమూనా ఒకటి ముందే అడిగి చూడండి. ‘రిపేర్లు, ఇతరములు’ అని ఒకే గీతలో ఒక అంకె ఉంటే ఏ ఖర్చు దేనికో మీకు ఎప్పటికీ తెలియదు. ‘వంటింటి సింక్ కింద పైపు మార్పిడి, ప్లంబర్ బిల్లు జత చేశాం, ముందు తీసిన ఫొటో, తర్వాత తీసిన ఫొటో’ అని ఉంటే, రెండు శాతం ఎక్కువ అడిగినా వాళ్లకే ఇస్తాను.

నలుగురికీ ఒకేసారి ఇవ్వడం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఒకే ఫ్లాట్ నాలుగు ప్రకటనల్లో నాలుగు రేట్లతో కనిపిస్తే చూసేవాళ్లకు అనుమానం వస్తుంది, బేరం ఆడటానికి ధైర్యం వస్తుంది. ముందు కుదిర్చినవాళ్లకే కమిషన్ కాబట్టి మనిషిని నిదానంగా పరిశీలించే ఓపిక ఎవరికీ ఉండదు. తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో కూడా తెలియకుండా పోతుంది. ఒక్కరికే ఇవ్వండి, కానీ గడువు పెట్టి ఇవ్వండి.

‘సంతకం పెడితే చాలు’ అన్నదానికి కోర్టు మెట్లెక్కిన ఉదాహరణే ఉంది. ఇంగ్లండ్‌లో ఫాక్స్‌టన్స్ అనే పెద్ద ఏజెన్సీ అగ్రిమెంట్‌లో, అద్దెదారు అదే ఇంట్లో కొనసాగినప్పుడల్లా ఓనర్ మళ్లీ కమిషన్ కట్టాలని షరతు ఉండేది. ఆ కొనసాగింపులో ఏజెన్సీ చేసిందేమీ లేకపోయినా కట్టాల్సిందే. ఓనర్ ఆ ఇంటిని వేరేవాళ్లకు అమ్మేసుకున్నా ఆ భారం వదలదు. అద్దెదారే ఇల్లు కొనుక్కుంటే దానికీ కమిషన్. వినియోగదారుల తరఫున అక్కడి ప్రభుత్వ సంస్థ కోర్టుకు వెళితే, 2009లో హైకోర్టు ఈ షరతులు అన్యాయమైనవని తేల్చింది. అసలు ఇబ్బంది ఏమిటంటే, అంత భారమైన షరతు చదివేవాళ్ల కంట్లో పడేలా రాయలేదు. పేరున్న సంస్థ కాగితంలోనే అలా ఉన్నప్పుడు, రెడీగా ఉన్న కాగితం మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టమని ఎవరైనా ఎలా చెబుతారు? రెన్యువల్‌కు ఎంత, ఫ్లాట్ అమ్మితే ఏమిటి, మిమ్మల్ని అడగకుండా రిపేరుకు ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చు, మీరు ఏజెంట్‌ను మార్చాలంటే ఎన్నాళ్ల నోటీసు ఇవ్వాలి, మారాక కూడా కమిషన్ నడుస్తుందా? వీటికి జవాబులు కాగితంలోనే ఉండాలి. ‘అది మనం చూసుకుందాం లెండి’ అన్న నోటిమాట లెక్కలోకి రాదు.

చివరిది, అందరికీ నచ్చే మాట: బాధ్యతంతా ఏజెంట్‌దే. కాదు. పని అప్పగించవచ్చు గానీ ఓనర్‌గా మీ మీద ఉన్న బాధ్యత మీ మీదే ఉంటుంది. ఇంగ్లండ్‌లో అద్దెదారు ఇచ్చిన డిపాజిట్‌ను 30 రోజుల్లోగా ప్రభుత్వ ఆమోదం ఉన్న రక్షణ పథకంలో నమోదు చేయాలి. చేయకపోతే డిపాజిట్‌కు ఒకటి నుంచి మూడు రెట్ల దాకా అద్దెదారుకు చెల్లించమని కోర్టు ఆదేశించవచ్చు. ఏజెంట్ మరిచిపోయాడని ఓనర్ చెప్పుకుంటే చెల్లదు. డబ్బు సంగతీ అంతే. మీ తరఫున అద్దె తీసుకునే అధికారం ఏజెంట్‌కు ఇచ్చాక, అద్దెదారు వాళ్లకు కడితే మీకు కట్టినట్టే. ఆ డబ్బుతో ఏజెంట్ కనబడకుండా పోతే అద్దెదారును మళ్లీ అడగడానికి ఉండదు. ఈ భయం ఉత్తది కాదు కాబట్టే, ఇంగ్లండ్‌లో ఓనర్ల, అద్దెదారుల డబ్బు తమ దగ్గర పెట్టుకునే ఏజెంట్లు 2019 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరిగా డబ్బు రక్షణ పథకంలో చేరాలన్నారు. మీరున్న చోట అలాంటి నియమం ఉంటే సభ్యత్వం రుజువు చూపించమనండి. లేకపోతే అద్దె, డిపాజిట్ నేరుగా మీ ఖాతాలోకే వచ్చేలా రాయించుకోండి. దీనికి మొహం చిట్లించే ఏజెంట్‌ను అక్కడితో ఆపేయడం మంచిది.

తాళాలు ఇచ్చే రోజు తయారు చేసే జాబితా కూడా మీరు చూడాల్సిందే. ‘హాలు: బాగుంది’ అని రాస్తే ఖాళీ చేసే రోజు గొడవ ఖాయం. ‘హాలు, కిటికీకి ఎడమ గోడ, స్విచ్‌బోర్డు కింద అరచేయంత మరక, ముందు నుంచీ ఉంది, ఫొటో తేదీతో’ అని రాసి ఇద్దరూ సంతకం చేస్తే అద్దెదారు డిపాజిట్ అన్యాయంగా కోయరు, మీకు రావాల్సింది పోదు. ఇలాంటి పాత జాబితా ఒకటి, పేర్లు కొట్టేసి చూపించమని ఏజెంట్‌ను అడగవచ్చు.

వీటన్నిటికన్నా ముందు చేయగలిగిన పని ఇంకొకటి ఉంది. వాళ్ల ప్రకటనల్లో ఉన్న వేరే ఫ్లాట్ కోసం ఇంట్లోవాళ్ల చేత ఒక ఫోన్ చేయించండి. ఎవరైనా ఎత్తారా, అడిగినదానికి సరిగా చెప్పారా, చూపిస్తామన్న టైముకు వచ్చారా? రేపు మీ ఫ్లాట్ అద్దెకు కావాలని ఫోన్ చేసేవాళ్లకు కూడా వాళ్ల దగ్గర జరిగేది అదే.