సవరణ: టెక్సాస్‌లో ఇళ్ల విలువ పెరిగితే బడికి డబ్బు పెరుగుతుందా?

టెక్సాస్ బడుల నిధుల మీద మొన్న పెట్టిన పోస్టులో "ఇళ్ల విలువ పెరిగితే ఆ మేరకు మన డిస్ట్రిక్ట్‌కి డబ్బు పెరుగుతుంది" అన్న వాక్యం తీసేశాను. లెక్క అలా నడవదు. స్కూల్ డిస్ట్రిక్ట్‌కి (అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థకి) ఎంత రావాలో ముందు ఫార్ములా తేలుస్తుంది: ఒక్కో విద్యార్థికి మూల మొత్తం (2019 నుంచి 6,160 డాలర్లు, 2025 చట్టంతో 6,215), దాన్ని సగటు రోజువారీ హాజరుతో గుణించి, ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలకీ, పేద పిల్లలకీ, ప్రత్యేక అవసరాలున్నవాళ్లకీ ఇంకొంత కలుపుతారు. అందులోంచి స్థానిక ఆస్తి పన్ను పోను మిగిలిందే రాష్ట్రం ఇస్తుంది. అంటే ఇళ్ల విలువ పెరిగితే చాలావరకు తగ్గేది రాష్ట్రం వాటానే. డాలస్ పక్కనున్న ప్లేనో లాంటి చోట్ల పన్ను ఆ లెక్క దాటిపోయి, డిస్ట్రిక్టే ఎదురు రాష్ట్రానికి కట్టాల్సి వస్తోంది, ఉన్నవాళ్ల దగ్గర తీసుకుని లేనివాళ్లకి పంచే కథల వీరుడి పేరుతో జనం రాబిన్‌హుడ్ అనేది దీన్నే.

ఇంకోటి, నిధుల లెక్కలో చూసేది బడిలో చేరినవాళ్లని కాదు, రోజూ వచ్చినవాళ్లని. పదివేల మంది చేరి సగటున 9,500 మంది వస్తే డబ్బు 9,500 మందికే, టీచర్ల జీతాలు మాత్రం ఏమీ తగ్గవు. పెళ్లికని పిల్లల్ని మూడు వారాలు ఇండియా తీసుకెళ్తే, బడి సరేనన్నా నిధుల లెక్కలో గైర్హాజరే. దీపావళికి ముందుగా రాసిచ్చి మానేస్తే మాత్రం, అది మతపరమైన పండగ కాబట్టి, వచ్చినట్టే లెక్క.