గడువు దాటాక పుణ్యం

విశాఖపట్నంలో దానగుణం నశించిందని వాపోయేవాళ్లు ఓసారి ఉదయం ఏడింటికి మా అపార్ట్‌మెంట్ మేడ మీదికి రావాలి. ఎంగిలి చేత్తో కాకిని తోలని మా పక్క ఫ్లాటాయన, వేరుశనగ గుళ్లకు బూజు వాసన తగిలిన మరుక్షణం బలిచక్రవర్తి అయిపోతాడు. పిట్టగోడ మీద దోసెడు పోసి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటాడు. ఆయన్ని అనే హక్కు నాకు లేదు. ఆ గోడ మీద నా వాటా కూడా ఉంది.

కొత్త గుళ్లు పచ్చడికి, కాస్త పాతవి పులిహోరకి. కనరెక్కితే పనిమనిషికి ఇవ్వబోతాం. ఆవిడ మూత తీసి, వాసన చూసి వద్దంటుంది. ఆవిడ వద్దన్నవి చిలకలకీ గోరింకలకీ. పలాస జీడిపప్పు పక్షులకు వేసినవాణ్ణి మాత్రం నేనింతవరకు చూడలేదు. పుణ్యం లెక్కకొచ్చేది ఎక్స్‌పైరీ డేట్ దాటిన మర్నాటి నుంచే.

పైగా సముద్రం సాయం ఉంది. ఉప్పు జాడీలో నీళ్లూరే ఊరు ఇది. జులైలో మూత సరిగ్గా పెట్టని డబ్బాలో గుళ్లు చూస్తుండగానే దానానికి సిద్ధమైపోతాయి.

దీనికీ అడ్డుపుల్ల వేసేవాళ్లున్నారు. మావాడు ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న దగ్గర్నుంచి ఇంట్లో ప్రశాంతత లేదు. ఆ బూజులో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనేది ఉండొచ్చట, అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుందట, పక్షి కాలేయం దెబ్బతింటుందట. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, ఏ రోగమో తెలియక ‘టర్కీ ఎక్స్ వ్యాధి’ అన్నారు. తీరా చూస్తే మేతలో కలిపిన వేరుశనగ చెక్కే కారణం.

“వేయిస్తే పోతుంది కదరా!”

“పూర్తిగా పోదు నాన్నా. బూజు కంటికి కనపడకపోయినా విషం ఉండొచ్చు.”

అయినా బాకీ ఎవరిదో తేలాలి. 2014 అక్టోబరు 12న మా ఊరి చెట్లను కూల్చిన తుపాను పేరు హుద్‌హుద్. అంటే కూకుడుగువ్వ. పక్షి పేరు పెట్టుకుని వచ్చి మనకింత నష్టం చేస్తే, తిరిగి మనమే మేలురకం గుళ్లు వెయ్యాలా?

సరే, బూజు లేనివే వేద్దామని ఒకరోజు బీచ్ రోడ్డులో కొన్న మురీ మిక్స్చర్ పొట్లంలోంచి గుళ్లు ఏరి, ఉప్పూకారంతో సహా గోడ మీద పెట్టాను. ఒక కాకి వచ్చింది. పిక్కను ముక్కున కరుచుకుని, మెడ వంచి నన్ను ఓ కంటితో చూసింది. పక్కనున్న నీళ్ల మూకుడు దగ్గరికి గెంతి ముంచింది, తీసింది, మళ్లీ ముంచింది. నీళ్ల మీద కారం ఎర్రగా తేలింది. నా దానాన్ని కడుక్కుని తిన్నది!

కాకులకు అది మామూలేనన్నాడు మావాడు. మనకు చిటికెడనిపించే ఉప్పు, 30 గ్రాములుండీ లేని పిచ్చుకకు చాలా ఎక్కువట. ఇక వరస పెట్టాడు. మనం తినదగ్గ గుళ్లే వెయ్యాలి, పూటకు సరిపడానే వెయ్యాలి, మిగిలినవి ఎలకల పాలు కాకుండా ఊడ్చెయ్యాలి, పళ్లెం కడిగి ఆరబెట్టాలి. గూళ్లలో పిల్లలున్న రోజుల్లో అయితే పొడిపొడిగా దంచాలట. లేకపోతే తల్లి పిక్కను ముక్క చెయ్యకుండా అలాగే తీసుకెళ్లి నోట్లో పెడితే పిల్ల గొంతుకు అడ్డం పడుతుందట.

“నీ చిన్నప్పుడు మీ అమ్మ ఇన్ని జాగ్రత్తలు పడలేదురా” అన్నాను.

“పడ్డానండీ, మీరు చూళ్లేదు” అని వంటింట్లోంచి వినపడింది.

ఆదివారం పూర్ణా మార్కెట్‌కు వెళ్లి, పక్షుల పేరు చెప్పి పావుకిలో కొత్త గుళ్లు తెచ్చాను. ఇల్లు చేరేసరికి వాన. వానలో పిట్టలెక్కడొస్తాయి? అంత మంచి గుళ్లు చూశాక మా ఆవిడ ఊరుకోలేక ఇడ్లీల్లోకి పచ్చడి చేసింది. మిగిలిన గుప్పెడు పక్షుల వాటా కింద వేరే డబ్బాలో పోసి, భద్రంగా అటక మీద పెట్టాను. మూత కొంచెం వదులు.