నిలువెత్తు బంగారం

మేముండేది హనుమకొండ నయీంనగర్‌లో, మేడ మీద వాటా. కింద ఇంటి ఓనర్లు, ముందు గదిలో వాళ్ల కిరాణా కొట్టు. వాళ్ల చిన్నోడు జర్మనీలో ఎం.ఎస్. చదువుతున్నాడు. వాడు అక్కడ ఎంతవరకు అలవాటుపడ్డాడో తెలియదు కానీ, వీళ్లిద్దరూ మాత్రం ఇంకా పడలేదు.

2024 ఎండాకాలంలో వాడి వీసా కోసం ఎదురుచూస్తూ ఆమె సమ్మక్కకు నిలువెత్తు బంగారం మొక్కింది. అంటే వాడెంత తూగితే అంత బెల్లం. మేడారం జాతర రెండేళ్లకోసారి కాబట్టి ఆ మొక్కు 2026 జనవరి 28 జాతరకు వచ్చి పడింది. దానికి వారం ముందు, మధ్యాహ్నం రెండింటికి, కాంటా దగ్గర జరిగిన సంగతి ఇది. నేను అర్ధకిలో కందిపప్పు కోసం దిగాను. అదింకా నాకు అందలేదు.

ఆమె: డెబ్బై రెండు పెట్టు.

ఆయన: డెబ్బై రెండెందుకే? అరవై ఐదు చాలు. అసలే బెల్లం ధర...

ఆమె: బెల్లం అనకు. బంగారం అను.

ఆయన: సరే, బంగారం. పోయిననాడు వాడు డెబ్బై రెండు. ఇప్పుడు ఫోన్లో చూస్తే దవడలు లోపలికి పోయాయి. ముప్పై ఏళ్లుగా కాంటా పడుతున్నా, మనిషిని చూస్తే బరువు చెప్తా. అరవై ఐదు.

ఆమె: మొక్కిననాడు ఎంతుంటే అంత. బిడ్డ చిక్కిపోయాడని తల్లికి తిండి పోవట్లేదు. తండ్రికేమో ఏడు కిలోలు మిగిలాయని సంబరం!

ఆయన: సంబరం కాదే, లెక్క. లేని బరువుకు సరుకు పెడితే కొట్టు నడుస్తుందా?

ఆమె: ఆ బ్యాంకులో పది లక్షలు పోసినప్పుడు ఎటు పోయింది ఈ లెక్క?

ఆయన: ఆ ఊసెత్తకు. పరకాల రోడ్డు ప్లాటు పోయింది దానికి. అప్పట్లో 11,208 యూరోలు ముందే వేసి చూపించమన్నారు. వాడి పేరు మీదే కదా అని వేశా. తీరా చూస్తే అది తాళం వేసిన ఖాతా. నెలకు 934 మాత్రమే చేతికిచ్చారు. పైసలు నావి, కొడుకు నావాడు, నడుమ బ్యాంకోడు జీతం ఇచ్చినట్టు ఇచ్చాడు!

ఆమె: మంచిదే అయింది. లేకుంటే మొదటి నెలలోనే ఊడ్చేసేవాడు. ఖర్చులో వాడు మా అన్న పోలిక.

ఆయన: నీ నోటితోనే ఒప్పుకున్నావు. సార్, మీరే సాక్షి.

(నేను కందిపప్పు బస్తా వైపు చూశాను.)

ఆయన: పైగా టీవీ పైసలు. ఇంటికి నెలకు 18.36 యూరోలు. ఇంట్లో టీవీ ఉందా? లేదు. రేడియో? అదీ లేదు. అయినా కట్టాల్సిందే. ముగ్గురు పిల్లగాళ్లు కలిసి ఉంటున్నారు కాబట్టి పంచుకుంటున్నారు.

ఆమె: మనం కేబులోడికి కట్టట్లేదా?

ఆయన: మనం చూస్తున్నాం కదే!

ఆమె: నువ్వు చూస్తున్నావు. నాకు రిమోట్ ఎప్పుడిచ్చావు? టీవీ విషయంలో నేనూ జర్మనీలో ఉన్నట్టే.

(ఆయన కాంటా మీద లేని దుమ్ము తుడిచాడు.)

ఆమె: వాడు చిక్కింది పైసలకు కాదు, ఆ ఆదివారాలకు. దిగిన మొదటి ఆదివారం కూరగాయలు తెచ్చుకుందామని పోతే ఒక్క దుకాణం తెరిచిలేదట. అన్నీ శనివారమే తెచ్చి పెట్టుకోవాలట. ఎవరు చెప్పారు వాడికి? ఆ రోజంతా నేను కట్టిచ్చిన సకినాలే తిన్నాడు.

ఆయన: ఆదివారం మూస్తే దుకాణందారు బతికేదెట్లా? నాకు గిరాకీ ఉండేదే ఆదివారం.

ఆమె: చప్పుడు కూడా చేయొద్దట ఆదివారం. గోడకు మేకు కొట్టొద్దు, ఇల్లు ఊడ్చే మిషన్ పెట్టొద్దు.

ఆయన: మరి సకినాలు ఎట్లా తిన్నాడే?

ఆమె: (కాసేపు నిజంగానే ఆలోచించి) చాయ్‌లో నానబెట్టుకొని ఉంటాడు.

ఆయన: ఆ సీసాలు ఏరుకునే సంగతి చెప్పు సార్‌కు.

ఆమె: ఏరుకోవడం కాదని వంద సార్లు చెప్పా! నీళ్ల సీసా కొంటే దాని మీద 25 సెంట్లు ఎక్కువ తీసుకుంటారు. ఖాళీ సీసా దుకాణంలో మిషన్‌కు వేస్తే ఆ పైసలు వాపస్. అందరూ చేసే పనే. ఈయన దాన్ని వాళ్లక్కకు చెప్పాడు. ఆమె కాజీపేట దాకా చేరవేసింది, 'పాపం, పిల్లగాడు జర్మనీలో ఖాళీ సీసాలు ఏరుకుంటున్నాడు' అని. అంతే, హసన్‌పర్తి సంబంధం వాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు.

ఆయన: నేనేం అబద్ధం చెప్పలేదు. కొంచెం కుదించి చెప్పా.

ఆమె: లడ్డూలప్పుడూ అంతే కదా.

(ఇక్కడ ఆయన లోపలికి పోబోయాడు. ఆమె కాంటాకు అడ్డం నిలబడింది.)

ఆమె: మొదటి పరీక్షల్లో ఒకదాంట్లో 4.0 వచ్చిందని వాడు ఫోన్ చేశాడు సార్. గొంతు ఎంత చిన్నగా ఉందో అప్పుడే అర్థం కావాలి. ఈయన పూర్తిగా వింటేనా? అమెరికాలో మా చెల్లె కొడుక్కు నాలుగుకు నాలుగు వస్తే అందరూ మెచ్చుకున్నారు కదా, మనోడూ అంతే అనుకొని వాడకంతా మూడు కిలోల లడ్డూలు పంచాడు. జర్మనీలో 1 వస్తే అందరికంటే పైన. 5 వస్తే ఫెయిల్. 4.0 అంటే బావి గట్టు మీద నిలబడ్డట్టు!

ఆయన: లోపల పడలేదు కదా! పాసైతే లడ్డూ పంచొద్దా?

(ఆ లడ్డూలు మాకూ రెండు వచ్చాయి. నెయ్యి బాగా పడింది. ఫెయిల్ తప్పినందుకు పంచినవని తెలిసినా తినేవాణ్నే.)

ఆయన: అసలు ఆ దేశంలో అన్నీ తిరకాసే. తక్కువొస్తే ఎక్కువ అంటారు. పదింటికి క్లాసని రాసి పదుంబావుకు మొదలుపెడతారు, మన పెళ్లి భోజనాల లెక్క. పాఠం అయిపోతే చప్పట్లు కొట్టరట, పిల్లలందరూ వేళ్లతో బల్లలు కొడతారట. మా బడిలో బల్ల మీద కొడితే గోడకుర్చీ! అందుకే అంటున్నా, వాడు ఉన్న దేశం లెక్కలో తక్కువుంటేనే గొప్ప. అరవై ఐదు.

ఆమె: సమ్మక్క జర్మనీ లెక్క చూడదు. డెబ్బై రెండు. సమ్మక్క చిలుకలగుట్ట దిగేది 29న. ఆలోపు మనం ములుగులో గట్టమ్మకు మొక్కి మేడారం చేరాలి. నీతో వాదిస్తుంటే జాతర అయిపోతుంది.

ఆయన: సరే, నీ మాట వద్దు, నా మాట వద్దు. వాణ్నే అడుగు. ఇవాళ ఎంతుంటే అంత. మాట తప్పేది లేదు.

ఆమె: వాడి దగ్గర కాంటా ఎక్కడిది?

ఆయన: పెట్టెలు తూచిన కొక్కెం కాంటా పట్టుకుపోయాడు కదా.

ఆమె: దానికి వేలాడమంటావా బిడ్డను? ఆ కాంటాతోనే కదా, పెట్టె 23 కిలోలు దాటిందని నా చింతకాయ తొక్కు తీసేశావు.

ఫోన్ చేశారు. అక్కడ అప్పుడు ఉదయం తొమ్మిదిన్నర. వాడు క్లాసుకు బయలుదేరుతున్నాడు. పక్క గది పిల్లగాడి దగ్గర బరువు చూసే మిషన్ ఉందని, ఫోటో పంపుతానని పెట్టేశాడు. నాలుగు నిమిషాలకు ఫోటో వచ్చింది. రెండు తలకాయలు ఒకే ఫోన్ మీదికి వంగాయి, మర్యాద కాదని తెలిసీ నాది మూడోది. ఒక మిషన్, దాని మీద రెండు పాదాలు. ఎడమ సాక్సుకు బొక్క, అందులోంచి బొటనవేలు. పాదాల మధ్య అంకె: 78.6.

కొట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

ఆయన: (కళ్లజోడు చొక్కాతో తుడిచి) ఇది కిలోలేనా?

ఆమె: కిలోలే. కింద రాసి ఉంది. ముప్పై ఏళ్ల కాంటా అన్నావు?

ఆయన: ఫోన్లో తలకాయ ఒక్కటే కనపడుతుంది. కింద ఏం జరుగుతుందో నాకేం తెలుసు!

ఆమె: నా బిడ్డ చిక్కలేదు! తల్లీ సమ్మక్కా! ఆ సాక్సు చూడు, కొనుక్కోవడానికి పైసలు లేవు పాపం.

ఆయన: ఉన్నవన్నీ తింటున్నాడు కదా. సరే విను, మొక్కంటే మొక్కిననాటి బరువే. ఎంతైనా నువ్వన్నదే ధర్మం. డెబ్బై రెండు.

ఆమె: ఇవాళ ఎంతుంటే అంత అన్నదెవరు? మాట తప్పేది లేదన్నదెవరు? సార్, మీరే సాక్షి.

ఆయన: (ఫోన్ నోటి దగ్గర పెట్టుకొని) ఒరే చిన్నోడా, కోటు విప్పు. వీపున సంచి ఉంటే దించు. అందులో ఖాళీ సీసాలున్నాయేమో చూడు. జేబులో తాళాలు కూడా తీసి, మళ్లీ ఎక్కి ఫోటో పంపు.

ఆమె: కోటెందుకు విప్పాలి? వీసా రాకుంటే ఆ కోటు కొనేవాడివా? అది కూడా మొక్కులోదే. పెట్టు, డెబ్బై తొమ్మిది.