బీరకాయ కూరకు ఫ్రెష్ క్రీమ్ ఎందుకప్పా?

ఈ మధ్య ఏ వంట వీడియో చూసినా కూర చిక్కగా రావడానికి ఒకటే ఉపాయం చెబుతున్నారు. దించే ముందు ఫ్రెష్ క్రీమ్ పోయండి అని. పనీరుకు పోస్తే పోశారు, దాని సంగతి వేరు. బీరకాయకు పోస్తున్నారు, సొరకాయకు పోస్తున్నారు. మొన్న ఒకాయన వంకాయ కూరలో కూడా పోసి, పైన తెల్లగా చుట్లు తిప్పి, "రిచ్‌గా ఉంటుంది ఫ్రెండ్స్" అన్నాడు. వంకాయకు ఏం తక్కువైందని ఆ దానం?

నేను అనంతపురం మనిషిని కాబట్టి సూటిగా చెప్పేస్తాను. రోజువారీ కూర చిక్కగా, కమ్మగా రావడానికి క్రీమూ అక్కర్లేదు, జీడిపప్పు పేస్టూ అక్కర్లేదు. గుప్పెడు వేయించిన చెనక్కాయ విత్తనాలు, అంటే వేరుశనగ పల్లీలు, చాలు. పొయ్యి వెలిగించిన ఇరవై నిమిషాల్లో దించేయొచ్చు. ఇంట్లో మూటెడు చెనక్కాయలు పెట్టుకుని, కూర చిక్కబడడానికి ఫ్రిజ్‌లో ప్యాకెట్ కోసం వెతికే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు.

ఇంకో మంట కూడా ఉంది. రాయలసీమ తిండి అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేవి నాటుకోడి పులుసు, కళ్లలో నీళ్లు తెప్పించే కారం. మేమేదో మూడు పూటలా ఎండుమిరపకాయలు నమిలి బతుకుతున్నట్టు మాట్లాడతారు. మా ఇళ్లల్లో వారంలో ఎక్కువ రోజులు ఉడికేది పప్పూ, ఆకుకూరలూ, బీరకాయా, సొరకాయా, మటిక్కాయలే (గోరుచిక్కుడు). వాటిల్లో చాలావాటికి చెనక్కాయ పొడో, నువ్వుల పొడో, పచ్చి టెంకాయో పడుతుంది. కారం ఉంటుంది, లేదని ఎవరన్నారు? ఆ కారాన్ని పట్టి ఉంచే కమ్మదనం కూడా ఉంటుంది. దాని గురించి ఎవరూ వీడియో తీయరు.

సంగటి తినేవాళ్లకు ఈ చిక్కదనం అవసరం కూడా. రాగి సంగటిని పొడి వేపుడుతో తినమంటే గొంతు దిగదు. ముద్దకు అంటుకుని జారేంత గుజ్జు కావాలి. చెనక్కాయలతో నూరే ఊరిబిండి పచ్చడి పుట్టిందే ఆ అవసరం కోసమని నాకనిపిస్తుంది. జొన్న రొట్టె సంగతి ఇంకో రకం. నీళ్ల పులుసులో ముంచితే నాని తెగిపోతుంది, వేపుడుతో తింటే నోరు ఎండిపోతుంది. రొట్టె ముక్కతో తీసుకుంటే జారిపోకుండా నిలిచే కూర కావాలి. అన్నానికి ఎలాగూ బాగుంటుంది.

తాతముత్తాతల నాటి వంట అని డబ్బా కొట్టుకోను. వేరుశనగ దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట. మిరపకాయా, టమాటా కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. అనంతపురంలో సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన పడుతుంది, అదీ ఎప్పుడు పడుతుందో తెలియదు. ఆ ఎర్ర నేలల్లో మా పెద్దవాళ్లు కొర్ర, సజ్జ, జొన్న వేసుకునేవాళ్లు. 1970, 80ల్లో ఆ చేలన్నీ చెనక్కాయకు మారాయి. ఒక దశలో ఉమ్మడి జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్ల దాకా అదే పంట. తర్వాత కరువులు, తెగుళ్లు, పెట్టుబడి చేతికి రాకపోవడం, అన్నీ కలిసి విస్తీర్ణం తగ్గింది. అప్పుల సంగతి అందరికీ తెలిసిందే, ఇక్కడ మళ్లీ తవ్వను. కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6 రకం పేరు మా దగ్గర రైతులందరికీ తెలుసు. 2022లో జిల్లాలు విడదీశాక కదిరి శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్లింది కానీ, ఆ విత్తనం మా చేలు వదిలి పోలేదు. ఇంత చేసిన పంట మా వంటింట్లో చట్నీకి మాత్రమే పనికొస్తుందా?

ఇప్పుడు క్రీమ్ గురించి. మార్కెట్లో లో ఫ్యాట్ అని దొరికే క్రీమ్‌లో కొవ్వు 25 శాతం ఉంటుంది. చెనక్కాయ విత్తనంలో దాదాపు సగం నూనే, పావు వంతు మాంసకృత్తులు. కాబట్టి నా కూర తింటే సన్నబడతారని అబద్ధం చెప్పను. తూకానికి తూకం చూస్తే చెనక్కాయలోనే కొవ్వు ఎక్కువ. అయితే నలుగురి కూరకు పడేది మూడు స్పూన్ల విత్తనాలు, ఆ నూనె అందులోంచే వస్తుంది కాబట్టి తాలింపుకు ఒక్క స్పూను నూనె చాలు. పైగా విత్తనంలోని పిండీ మాంసకృత్తులూ నీళ్లను పీల్చుకుని కూరను చిక్కబరుస్తాయి. క్రీమ్ పోస్తే తెల్లబడుతుంది, రుచి మందగిస్తుంది, మిగిలిన సగం ప్యాకెట్ ఫ్రిజ్ తలుపులో నిలబడి పులిసిపోతుంది. ఏ ఇంటి ఫ్రిజ్ అయినా తెరిచి చూడండి.

పద్ధతి చెబుతాను. నలుగురికి అర కిలో లేత బీరకాయలు. తరిగేటప్పుడు ప్రతి కాయ నుంచి చిన్న ముక్క కొరికి చూడండి, చేదుగా ఉంటే ఆ కాయ పారేయండి. ఒక్క చేదు కాయ కూరంతా పాడుచేస్తుంది, ఆ చేదు ఒంటికి కూడా మంచిది కాదు. చెక్కు పారేయకండి, పచ్చడికి పనికొస్తుంది.

మూడు పెద్ద స్పూన్ల చెనక్కాయ విత్తనాలు సన్నమంట మీద వేయించాలి. ఇక్కడే అందరూ తొందరపడతారు. మంట పెద్దది చేస్తే పైన మచ్చలు పడి లోపల పచ్చిగానే ఉంటుంది, ఆ పచ్చివాసన తర్వాత ఎంత ఉడికించినా పూర్తిగా పోదు. పొట్టు చిట్లి, ఒక గింజ విరిచి చూస్తే లోపల కూడా రంగు మారి ఉండాలి. చివర్లో ఒక స్పూను నువ్వులు వేసి, అవి చిటపటలాడగానే దించండి. చల్లారాక పొట్టు నలిపి ఊదేయండి. రెండు ఎండుమిరపకాయలు, మూడు తెల్లగడ్డ (వెల్లుల్లి) రెబ్బలు కలిపి మిక్సీలో వేసి ఆపి ఆపి తిప్పాలి. ఒకే బిగిన తిప్పితే వేడికి నూనె వదిలి గిన్నె అంచులకు ముద్ద కట్టుకుంటుంది. పొడి అయ్యాక ముప్పావు గ్లాసు గోరువెచ్చటి నీళ్లు పోసి ఇంకొక్కసారి తిప్పండి. పొడిని నేరుగా బాణలిలో చల్లితే ఉండలు కడుతుంది, అందుకే ఈ నీళ్ల పని.

బాణలిలో ఒక స్పూను నూనె, ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, ఒక ఎర్రగడ్డ (ఉల్లిపాయ). ఎర్రగడ్డ మెత్తబడితే చాలు, ఎర్రగా వేగనక్కర్లేదు. బీరకాయ ముక్కలు, ఉప్పు, పసుపు వేసి మూత పెట్టండి. చుక్క నీళ్లు పోయొద్దు, ఉప్పుకు దాని నీళ్లు అదే వదులుతుంది. ఏడెనిమిది నిమిషాల్లో ముక్క మెత్తబడుతుంది. అప్పుడు చెనక్కాయ ముద్ద పోసి, మంట తగ్గించి, అడుగంటకుండా కలుపుతూ ఉండాలి. ఇక్కడ ఫోన్ చూశారంటే కూర మాడినట్టే. నాలుగైదు నిమిషాలకు అంచుల్లో నూనె మెరుస్తుంది. ఒక స్పూను చింతపండు రసం ఇప్పుడు వేయండి, ముందు వేయకండి. పులుపు తగిలితే ముక్క గట్టిగా ఉండిపోతుంది, ఎంత ఉడికించినా మెత్తబడదు. ఆఖరి మాట, కూర ఇంకా కొంచెం జారుగా ఉండగానే పొయ్యి ఆపేయాలి. చల్లారేకొద్దీ అదే గట్టిపడుతుంది. చిక్కబడలేదని తొందరపడి ఇంకో రెండు స్పూన్ల పొడి వేసేవాళ్లు, తినేటప్పుడు దాన్ని గరిటెతో కోసుకోవాల్సి వస్తుంది.

ఇదే పద్ధతి సొరకాయకూ పనికొస్తుంది, వంకాయకూ పనికొస్తుంది. గుత్తి వంకాయ చేసే ఓపిక లేని రోజు వంకాయలు ముక్కలు తరిగి ఇలాగే చేస్తే రుచిలో పెద్ద తేడా ఉండదు. ఈ మాటకు మా అత్త నాతో గొడవ పెట్టుకుంటుంది, పెట్టుకోనీ. మటిక్కాయలైతే ముందు ఉప్పు నీళ్లలో ఉడికించి వార్చుకోవాలి. బెండకాయను ముందు విడిగా వేయించి జిగట పోగొట్టాలి. క్యాప్సికం కూడా కొందరు చేస్తారు, నేను తింటాను కానీ పొగడను.

పొడి నెలకు సరిపడా కొట్టి పెట్టుకోమంటారు కొందరు. వారం దాకా పర్లేదు, ఆ తర్వాత నూనె ముక్కిపోతుంది. ముక్కిన వాసన వచ్చిన పొడి వేస్తే ఎంత మంచి కూరైనా చెడుతుంది. విత్తనాల విషయంలో నేను మరీ పట్టుదలగా ఉంటాను. నల్లబడ్డవీ, ముడుచుకున్నవీ, బూజు పట్టినవీ ఏరి పారేయాల్సిందే. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం దాణాలో కలిపిన వేరుశనగ పిండి అని తేలింది. ఆ పిండిలో బూజు చేసిన విషానికే తర్వాత అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. వేయించినంత మాత్రాన అది పూర్తిగా పోదు. కాయ ఊరే సమయంలో వాన మొహం చాటేస్తే ఈ బూజు బెడద ఎక్కువవుతుంది, మా జిల్లాలో వాన సంగతి పైన చెప్పాను కదా. కాబట్టి చవగ్గా వస్తున్నాయని గోనెసంచి అడుగున మిగిలిన విత్తనాలు తెచ్చుకోకండి.

చెనక్కాయ ఒంటికి పడని వాళ్లు ఉంటారు. వాళ్లకు ఇది ప్రాణం మీదకు రావచ్చు, బంధువుల పిల్లలు భోజనానికి వస్తే ముందే అడగండి. వాళ్ల కోసం పాలు పోసిన సొరకాయ చేయండి. ముక్కలు మెత్తగా ఉడికాక మంట బాగా తగ్గించి కాచిన పాలు అర గ్లాసు పోసి, రెండు నిమిషాల్లో దించేయాలి. అందులో చింతపండు, టమాటా వేస్తే పాలు విరిగిపోతాయి. పెరుగు వేయాలంటే చల్లటిది నేరుగా పోయకుండా, ఒక స్పూను శనగపిండి కలిపి బాగా చిలికి పోయండి. పిండి ఉంటే వేడికి పెరుగు ముక్కలు కాదు.

హోటళ్ల మీద నాకు ఆశ లేదు. మా ఊళ్లోనే ఒక హోటల్లో సంగటి పక్కన వెజ్ కూర ఏముంది అని అడిగితే పనీర్ బటర్ మసాలా అన్నారు. సంగటికి పనీర్ బటర్ మసాలా! చాలా హోటళ్లలో గ్రేవీ ముందే పెద్ద గిన్నెల్లో చేసి పెట్టుకుంటారు, జీడిపప్పు ముక్కలు, పుచ్చగింజలు రుబ్బి. ఆర్డర్‌ను బట్టి అందులో ఏది పడితే అది వేసి ఇస్తారు. పెళ్లిళ్లలో కూడా ఇప్పుడు అదే. ఆకులో నాలుగు కూరలుంటే మూడింటి రుచి ఒకటే. వంటవాళ్లను అని లాభం లేదు, మెనూ రాయించేది మనమే. చెనక్కాయ వేసిన బీరకాయ కూర పెట్టిస్తే చుట్టాలు పిసినారి అనుకుంటారని భయం. జీడిపప్పు కనిపిస్తేనే మర్యాద.

ఆఫీసులో ఒక స్నేహితురాలికి ఈ కూర చేసి పెట్టాను. రెండోసారి వడ్డించుకుని మరీ తింది. తిన్నాక, "రుచి బాగుంది కానీ రంగు ఏం బాలేదు, ఫోటోకు రాదు" అంది. అది నిజమే, మట్టి రంగులో ఉంటుంది. కావాలంటే పైన కొత్తిమీర చల్లుకోండి, లేదంటే ఫోటో మానేయండి.