ఐసీ మార్చినంత మాత్రాన సెల్ ఇరవై ఏళ్లు రాదు

“ఎల్‌ఎం358 పీకేయండి, అదే సాకెట్‌లో ఎంసీపీ6042 పెట్టండి. పిన్నులు ఒకటే. ఫిల్టర్ విలువలు మార్చక్కర్లేదు. నాయిస్ కూడా తగ్గుతుంది. కాయిన్ సెల్ ఇరవై ఏళ్లు వస్తుంది.” ఈ మెసేజ్ ఈ నెలలో నాకు ఐదుసార్లు వచ్చింది. ఈ రెండు ఐసీలూ ఆప్-యాంప్‌లు, అంటే చిన్న సిగ్నల్‌ని పెద్దది చేసే యాంప్లిఫయర్లు ఒక్కోదాంట్లో రెండేసి ఉంటాయి. పంపినవాళ్లంతా రోజూ సోల్డరింగ్ ఐరన్ పట్టుకునేవాళ్లే, నా బాధంతా అదే.

పిన్నులు ఒకటే, నిజం. కానీ ఎల్‌ఎం358 తొమ్మిది వోల్టుల బ్యాటరీ మీద హాయిగా నడుస్తుంది. ఎంసీపీ6042కి 6 వోల్టులు దాటకూడదు. ఆ ముక్క మెసేజ్‌లో లేదు. నమ్మి పెట్టినవాళ్ల ఐసీ కాలిపోతే ఎవరిది బాధ్యత?

నాయిస్, అంటే ఐసీ తనంతట తానే సిగ్నల్‌కి కలిపే రొద, తగ్గదు, పెరుగుతుంది. లోపలి ట్రాన్సిస్టర్లకు కరెంటు తగ్గించినకొద్దీ జరిగేది అదే.

ఇరవై ఏళ్ల లెక్క చూద్దాం. రెండు యాంప్లూ కలిపి 1.2 మైక్రో ఆంప్లు లాగుతాయి. సీఆర్2032 కాయిన్ సెల్‌లో దాదాపు 225 మిల్లీ ఆంప్-అవర్లు ఉంటాయి. భాగిస్తే ఇరవై ఏళ్లు దాటుతుంది. మరి సిగ్నల్ పైకీ కిందికీ ఊగడానికి కావాల్సిన సగం వోల్టేజీ కోసం పెట్టిన రెండు 10కే (పదివేల ఓమ్‌ల) రెసిస్టర్ల మాటేమిటి? 3 వోల్టుల మీద అవే 150 మైక్రో ఆంప్లు తాగేస్తాయి. రెండు నెలల్లో సెల్ ఖాళీ.

ఇవన్నీ ఒక ఎత్తు, ఫిల్టర్ మాట ఒక్కటీ ఒక ఎత్తు. పోయిన వారం మా పక్కింటి బీటెక్ అబ్బాయి ఎలక్ట్రానిక్ స్టెతస్కోప్ బోర్డు పట్టుకొచ్చాడు. ఈ మెసేజ్ చూసే ఐసీ మార్చాడట. “అన్నా, లబ్-డబ్ బాగానే వినిపిస్తోంది” అన్నాడు. ఎందుకు వినిపించదు? ఆ శబ్దంలో ఎక్కువ భాగం 150 హెర్ట్జ్‌ల లోపే ఉంటుంది. ఈ ఐసీ గెయిన్-బ్యాండ్‌విడ్త్, అంటే గెయిన్‌ని (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో దాన్ని) అది అందుకోగల ఫ్రీక్వెన్సీతో గుణిస్తే వచ్చే హద్దు, 14 కిలోహెర్ట్జ్‌లు. అతను పెట్టిన గెయిన్ 100. అంటే 140 హెర్ట్జ్‌ల దగ్గరే యాంప్లిఫయర్ చేతులెత్తేస్తుంది. 400 హెర్ట్జ్‌ల శబ్దం మూడో వంతుకు పడిపోతుంది. గుండె కవాటం కారితే వచ్చే మర్మర్ శబ్దాలు ఆ వందల హెర్ట్జ్‌లలోనే ఉంటాయి. లబ్-డబ్ చక్కగా వినిపిస్తుంది, జబ్బు మాత్రం వినిపించదు. ఫిల్టర్ విలువలు మార్చక్కర్లేదని రాసినవాళ్లు ఇది ఒక్కసారైనా ఆలోచించారా?

తర్వాతి దశ 1 కిలోహెర్ట్జ్ శాలెన్-కీ లోపాస్, అంటే ఆ కటాఫ్ ఫ్రీక్వెన్సీకి కింద ఉన్నవాటిని వదిలి పైవాటిని ఆపే ఆప్-యాంప్ ఫిల్టర్. అలాంటి ఫిల్టర్‌కి కటాఫ్‌కి వంద రెట్ల బ్యాండ్‌విడ్త్ ఉండేలా చూసుకుంటాం. ఇక్కడున్నది 14 రెట్లు. ఆసిలోస్కోప్‌లో చూస్తే కటాఫ్ కిందికి జారిపోయింది. ఇంకా పైకి వెళ్తే, పూర్తిగా ఆగాల్సిన సిగ్నల్ మళ్లీ లేచింది. ఎందుకంటే ఆ ఫ్రీక్వెన్సీలో ఆప్-యాంప్ అవుట్‌పుట్‌ని గట్టిగా పట్టి ఉంచలేదు, సిగ్నల్ ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్ గుండా నేరుగా బయటికొచ్చేస్తుంది. రెసిస్టర్లు, కెపాసిటర్లు ఎంత ఖచ్చితమైనవి కొన్నా ఇది పోదు.

ఎల్‌ఎం358 వద్దన్న మాట మాత్రం నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. 3 వోల్టుల సెల్ మీద దాని అవుట్‌పుట్ ఒకటిన్నర వోల్టు దగ్గరే ఆగిపోతుంది, సెల్ కాస్త దిగిందంటే అదీ ఉండదు. ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ఎంసీపీ6042 లాంటి నానో ఆంప్ ఐసీలు ఫిల్టర్లకు పనికిరావని నేను చాలాకాలం వాదించాను. అది నా పొరపాటు. ఎప్పుడూ ఆన్‌లో ఉండాల్సిన గ్యాస్ సెన్సర్‌కి, 10 హెర్ట్జ్‌ల ఉష్ణోగ్రత ఫిల్టర్‌కి వాటిని మించినవి లేవు.

ఆ అబ్బాయి బోర్డులో ఎంసీపీ6002 పెట్టాం. పిన్నులు అవే. బ్యాండ్‌విడ్త్ 1 మెగాహెర్ట్జ్, రెండు యాంప్లూ కలిపి 200 మైక్రో ఆంప్లు. 10కేల బదులు రెండు 1 మెగ్ (పది లక్షల ఓమ్‌ల) రెసిస్టర్లు, మధ్యలోంచి గ్రౌండ్‌కి ఒక కెపాసిటర్, సెల్ పక్కన పది రూపాయల స్విచ్. రోజుకో గంట వాడితే ఈ భాగానికి సెల్ మూడేళ్లు వస్తుంది.