డి డ్రైవ్ ఉండగా భయమేల?

కంప్యూటర్ కాస్త నెమ్మదించిందంటే మన దగ్గర వైద్యం ఒక్కటే: ఫార్మాట్ కొట్టించడం, అంటే విండోస్ ఉండే సి డ్రైవ్‌ను తుడిచేసి విండోస్ మళ్లీ వేయించడం. డి డ్రైవ్ జోలికి వెళ్లరు. మౌస్ కదలకపోయినా ఫార్మాటే, ప్రింటర్ పలక్కపోయినా ఫార్మాటే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేశాక ఈ వైద్యానికి ముహూర్తబలం కూడా కలిసొచ్చింది. విండోస్ వేసే బూటబుల్ పెన్‌డ్రైవ్ గుచ్చుతూ రిపేరు కుర్రాడు "డేటా ఎక్కడుంది సార్?" అంటాడు. "అంతా డి డ్రైవ్‌లోనే ఉంది బాబూ" అంటారు సారు. దాంతో ఇరుపక్షాలకూ మనశ్శాంతి.

ఈ మనశ్శాంతిని చెడగొట్టడానికే ఒక వర్గం బయల్దేరింది. "డి అంటే విడిగా ఇంకో డిస్కా, లేక ఒకే డిస్కును రెండు ముక్కలు చేసిన పార్టిషనా?" అని నిలదీస్తారు వీళ్లు. ఒకే డిస్కయితే అది చెడిపోయిన రోజున సి, డి రెండూ పోతాయట. పెద్దమనిషిని పట్టుకుని అడగాల్సిన ప్రశ్నేనా? మై కంప్యూటర్ తెరిస్తే రెండు బొమ్మలు విడివిడిగా కనిపిస్తున్నాయి. మధ్యలో జాగా కూడా ఉంది.

వీళ్ల రెండో ఆరోపణ మరీ ఘోరం. డెస్క్‌టాప్ మీద ఉన్నదంతా మామూలుగా సి డ్రైవ్‌లోనే, యూజర్స్ ఫోల్డర్‌లో ఉంటుందట. డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ కూడా అక్కడేనట. ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లోని కంపెనీ డేటా సైతం, దారి మార్చుకోకపోతే, సి లోనే కాపురం ఉంటుందట. మరి డి డ్రైవ్‌లో ఏముంది? తెరిచి చూడండి. న్యూ ఫోల్డర్, దాని లోపల మరో న్యూ ఫోల్డర్, ఎప్పుడో అమ్మేసిన ప్రింటర్ తాలూకు డ్రైవర్లు, ఎవరిదో తెలియని గృహప్రవేశం వీడియో, ఇంటర్వెల్ దగ్గర ఆగిపోయే సినిమా. ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా వీటిలో ఒక్కటీ పోలేదు. వ్యవస్థ భేషుగ్గా పనిచేస్తోందనడానికి ఇంకేం రుజువు కావాలి?

డీటీపీ సెంటర్ల వాళ్ల నమ్మకం ఇంకో మెట్టు పైన. పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన పెళ్లికార్డుల ఫైళ్లన్నీ నిజంగానే డి లో పెట్టుకుంటారు, మెచ్చుకోవాలి. వాటిలో తెలుగు అక్షరాలు చూపించే అను ఫాంట్లు మాత్రం సి లోని విండోస్ ఫోల్డర్‌లో ఉండి, దాంతోపాటే వెళ్లిపోతాయి. ఫైల్ తెరిస్తే చి.ల.సౌ. ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు. వధువు క్షేమమే, ఎవరి కూతురో తెలియడం లేదు, అంతే.

ఇక అసలు ఘట్టం. "విండోస్ ఎక్కడ వేయాలి?" అని ఇన్‌స్టాలర్ అడిగే తెర వస్తుంది. అక్కడ సి ఉండదు, డి ఉండదు. డ్రైవ్ 0 పార్టిషన్ 1, డ్రైవ్ 0 పార్టిషన్ 2, డ్రైవ్ 1 పార్టిషన్ 1... పక్కన సైజు. సి, డి అన్నవి నడుస్తున్న విండోస్ తగిలించిన అక్షరాలు. ఇక్కడ వాటికి విలువ లేదు. డ్రైవ్‌కి ముందే ఒక పేరు పెట్టుకుని ఉంటే అది కనిపిస్తుంది గానీ, మన డ్రైవ్‌లకు పేరుంటే అది న్యూ వాల్యూమే. డబ్బా మీద 500 జీబీ అని ఉన్న డిస్కు ఈ తెర మీద 465గా తేలుతుంది. అలాంటివి రెండుంటే?

"ఏది సార్?"

"చిన్నది కొట్టెయ్ బాబూ."

"రెండూ ఒకటే ఉన్నాయి సార్."

"అయితే పైది."

జాబితా కిందే ఫార్మాట్, డిలీట్ బటన్లు. పని క్షణాల్లో అయిపోతుంది.

ఇదంతా ఎందుకు, సీపీయూ మూత విప్పి డేటా డిస్కు కేబుల్ పీకేయండి, విండోస్ పడ్డాక మళ్లీ తగిలించండి అంటుంది ఆ వర్గం. తగిలించని డిస్కును ఎంతటి నిపుణుడూ చెరపలేడట. పైగా రెండూ తగిలించి ఉంటే కంప్యూటర్‌ను లేపే బూట్ ఫైళ్లు ఒక్కోసారి డేటా డిస్కులో వాటికోసం ఉండే ఈఎఫ్ఐ పార్టిషన్‌లోకి పోయి కూర్చుంటాయని, రేపు ఆ డిస్కు తీసేస్తే కంప్యూటర్ లేవదని బెదిరింపు ఒకటి. ఒక స్క్రూడ్రైవర్‌తో తేలిపోయే పనిలో హుందాతనం ఏముంది? ఉత్కంఠే లేకపోతే మధ్యలో టీ ఎవరు తెప్పిస్తారు?

ఫార్మాట్ కొట్టకుండా అదే పార్టిషన్‌లో విండోస్ వేస్తే పాత డెస్క్‌టాప్‌తో సహా అంతా విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి చేరుతుంది. దీన్నీ మనవాళ్లు ఊరికే వదలరు. సి డ్రైవ్ నిండి ఎర్రబడిందని ముందు డిలీట్ చేసేది దాన్నే.

ఇప్పుడు డ్రైవ్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఒకటి వచ్చిపడింది. విండోస్ కొత్తగా వేశాక డి డ్రైవ్ ఎక్కడికీ పోలేదు, కళ్ల ముందే ఉంది, పసుపురంగు తాళంతో. తెరవబోతే 48 అంకెల రికవరీ కీ చెప్పమంటోంది. కీ లేకపోవడమేమిటి, మన సారు చాలా జాగ్రత్తపరులు. నోట్‌ప్యాడ్‌లో రాసి, చేతికి అందుబాటులో ఉంటుందని డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నారు.