నరాలు తేలినంత మాత్రాన కండ పెరిగినట్టు కాదు

బరంపురంలో జిమ్‌కి వెళ్ళే కుర్రాళ్ళ ఫోన్లలో కొన్నాళ్ళుగా ఒక వాట్సాప్ మెసేజ్ చక్కర్లు కొడుతోంది. పర్లాకిమిడి నుంచి, రాయగడ నుంచి కూడా నాకు అదే వచ్చింది. అందులో ఉన్నది ఇది: నైట్రిక్ ఆక్సైడ్ పౌడర్ తాగితే రక్తనాళాలు విచ్చుకుని కండలకి రక్తం బాగా అందుతుంది, ఆ రక్తంతో ప్రొటీన్ చేరి నెల తిరక్కుండా కండ పెరుగుతుంది. ఈ సైన్స్‌కి నోబెల్ బహుమతి వచ్చింది. గ్రోత్ హార్మోన్ కూడా పెరుగుతుంది. అమైనో ఆమ్లమే కాబట్టి ఏ హానీ లేదు, గుండెకి మంచిది, ఇంట్లో నాన్నగారికి కూడా ఇవ్వొచ్చు.

ఆ ఆఖరి మాట చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. దాని సంగతి కింద విడిగా చెప్తాను.

ముందు ఆ డబ్బాలో నైట్రిక్ ఆక్సైడ్ ఉంటుందన్న మాట తీసుకుందాం. ఉండదు. నైట్రిక్ ఆక్సైడ్ ఒక వాయువు. రక్తనాళాల లోపలి పొరలో అప్పటికప్పుడు తయారై, చేయాల్సిన పని చేసి, కొన్ని సెకన్లలోనే మాయమైపోతుంది. దాన్ని పొడిచేసి డబ్బాలో పెట్టడం కుదరదు. అమ్మేది దాని ముడిసరుకు: అర్జినిన్, సిట్రులిన్ అనే అమైనో ఆమ్లాలు, లేదా బీట్‌రూట్ పొడిలో ఉండే నైట్రేట్. ముడిసరుకు ఎక్కువగా పోస్తే వాయువు కూడా ఎక్కువ తయారవుతుందన్నది వాళ్ళ లెక్క. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడి రక్తంలో ఆ పనికి సరిపడా అర్జినిన్ ముందే ఉంటుంది. పైగా నోటితో మింగిన అర్జినిన్‌లో చాలా భాగాన్ని పేగులు, కాలేయం దారిలోనే విరగ్గొట్టేస్తాయి.

ఇక అసలు మాట, రక్తం పెరిగితే కండ పెరుగుతుందన్నది. దీన్ని ప్రయోగం చేసి చూశారు. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్ళు 2011లో ప్రచురించిన అధ్యయనంలో కుర్రాళ్ళ చేత ఒక కాలికి బరువుల వ్యాయామం చేయించి, రెండో కాలిని ఊరికే ఉంచి, అమైనో ఆమ్లాలతో పాటు ఒకేసారి 10 గ్రాముల అర్జినిన్ ఇచ్చారు. మన దగ్గర దొరికే చాలా డబ్బాల్లో ఒక స్కూప్‌కి అంత ఉండదు. అంత ఇచ్చినా నైట్రిక్ ఆక్సైడ్ తయారీ పెరగలేదు, కండకి చేరే రక్తం పెరగలేదు, కండలో కొత్త ప్రొటీన్ తయారయ్యే వేగమూ పెరగలేదు. గ్రోత్ హార్మోన్ మాత్రం కాసేపు పెరిగింది. అంటే మెసేజ్‌లో ఆ ముక్క నిజమే. కానీ హార్మోన్ పెరిగినా కండ తయారీలో తేడా రాలేదని చూపించింది కూడా ఆ ప్రయోగమే. మెసేజ్ రాసినవాళ్ళు సగం చెప్పి సగం వదిలేశారు.

నాటు వేయని మడికి కాలువ నీళ్ళు ఎంత వదిలినా పంట రాదు. కండ పెరగాలంటే ముందు దానిమీద బరువు పడాలి, ఆ బరువు వారాల తరబడి కొంచెం కొంచెం పెరగాలి, ఆ తర్వాత ప్రొటీన్, నిద్ర అందాలి. బరువులు ఎత్తే కుర్రాడి కండకి రక్తం మామూలుగానే కావలసినంత వెళ్తుంది. కొరత అక్కడ లేదు.

"అన్నా, నా కళ్ళతో చూశాను కదా" అంటారు. చూసింది పంప్. నాలుగో సెట్ అయ్యేసరికి చేతి కండ ఉబ్బి టీషర్ట్ చెయ్యి బిగుసుకుంటుంది, ముంజేతి మీద నరాలు పచ్చగా పైకి తేలతాయి, కుర్రాడు అద్దం ముందు నిలబడి ఫొటో తీసుకుంటాడు. అక్కడే టేపు పెట్టి కొలవండి. స్నానం చేసి, ఇంటికెళ్ళి అన్నం తిన్నాక మళ్ళీ కొలవండి. ఉబ్బు దిగిపోయి ఉంటుంది, ఎందుకంటే అది కండలో చేరిన రక్తమూ నీరూ మాత్రమే. పౌడర్ తాగనివాడికి కూడా పంప్ వస్తుంది. వ్యాయామానికి ముందు తాగే చాలా ప్రీవర్కవుట్ డబ్బాల్లో కాఫీలో ఉండే కెఫీన్ కూడా కలుపుతారు. తాగిన అరగంటకి వచ్చే ఆ హుషారు ఎక్కువగా కాఫీ చేసే పనే.

నోబెల్ మాట నిజం. 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ ముగ్గురికీ వైద్యశాస్త్రంలో ఇచ్చారు. గుండె, రక్తనాళాల వ్యవస్థలో నైట్రిక్ ఆక్సైడ్ సంకేతాలు మోస్తుందని కనిపెట్టినందుకు ఇచ్చారు. కండ పెంచే పౌడర్‌కి ఇవ్వలేదు. ఆ ముగ్గురిలో ఇగ్నారో తర్వాత ఒక సప్లిమెంట్ కంపెనీతో కలిసి పనిచేశారు కూడా. ఎంత పెద్ద శాస్త్రవేత్త పేరున్నా, ఆ డబ్బా పనిచేస్తుందా లేదా అన్నది దాన్ని పరీక్షిస్తేనే తెలుస్తుంది.

ఇందులో పనికొచ్చేది ఏమీ లేదా అంటే, కొంచెం ఉంది. సిట్రులిన్ అర్జినిన్ కంటే మెరుగు. కాలేయాన్ని తప్పించుకుని మూత్రపిండాల దాకా వెళ్ళి అక్కడ అర్జినిన్‌గా మారుతుంది. 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో 8 గ్రాముల సిట్రులిన్ మాలేట్ తీసుకున్నవాళ్ళు బెంచ్ ప్రెస్ చివరి సెట్లో సగానికి పైగా ఎక్కువ రెప్స్ చేశారని, అంటే బరువుని అన్నిసార్లు ఎక్కువ ఎత్తి దించారని రాశారు. ప్రకటనలన్నీ ఇప్పటికీ దాన్నే పట్టుకుని వేలాడతాయి. తర్వాత వచ్చినవాటిని కూడా కలిపి 2021లో లెక్క చూస్తే తేడా సగటున మూడు రెప్స్, అంటే ఆరు శాతం చిల్లర. మూడు రెప్స్ ఎక్కువ చేయగలగడం మంచిదే. దానివల్ల నెలల తర్వాత కండ ఎక్కువ పెరిగిందని మాత్రం నమ్మకంగా తేలలేదు.

బీట్‌రూట్ విషయంలో ఆధారాలు ఇంకాస్త గట్టిగా ఉన్నాయి, కానీ అవి పరుగుకి, సైకిల్‌కి సంబంధించినవి. ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్ళు 2009లో చూసినప్పుడు, రోజుకి అరలీటరు బీట్‌రూట్ రసం చొప్పున ఆరు రోజులు తాగినవాళ్ళు అలసిపోయేదాకా సైకిల్ తొక్కిన సమయం 16 శాతం పెరిగింది. పోలీసు, ఆర్మీ సెలక్షన్లకి తెల్లవారుజామున గ్రౌండ్‌లో పరుగు తీసే మన పిల్లలు ఇది ప్రయత్నించి చూడొచ్చు. అయితే ఆ నైట్రేట్‌ని నైట్రిక్ ఆక్సైడ్ దారి పట్టించే పని నాలుక మీది బ్యాక్టీరియాది, అందుకని ఆ రోజుల్లో క్రిములు చంపే మౌత్‌వాష్‌తో పుక్కిలించకండి. పాలకూర, తోటకూరల్లో కూడా నైట్రేట్ బాగానే ఉంటుంది.

ఇప్పుడు నాన్నగారి సంగతి. అమెరికాలో గుండెపోటు వచ్చిన 153 మందిని తీసుకుని, కొందరికి రోజుకి మూడుసార్లు 3 గ్రాముల చొప్పున అర్జినిన్, మిగతావాళ్ళకి మందులేని ఉత్తుత్తి గుళికలు ఇచ్చారు. ఆరు నెలలు చూడాలనుకున్నారు. అర్జినిన్ తీసుకున్నవాళ్ళలో ఆరుగురు చనిపోయారు, రెండో వైపు ఒక్కరూ చనిపోలేదు. గుండెకి మేలు జరగకపోగా ఇలా అయ్యేసరికి, కొత్తవాళ్ళని చేర్చుకోవడం ఆపేశారు. 2006లో అచ్చయిన ఆ అధ్యయనం గుండెపోటు తర్వాత అర్జినిన్ ఇవ్వొద్దనే ముగిసింది. ఆరుగురన్నది చిన్న సంఖ్యే, యాదృచ్ఛికం కావచ్చని వాదించేవాళ్ళు ఉంటారు. కానీ లాభం రుజువు కాని పొడి కోసం ఇంట్లో పెద్దాయన మీద ఆ ప్రయోగం మనమెందుకు చేయాలి? గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర కూడా నైట్రిక్ ఆక్సైడ్ దారిలోనే పనిచేస్తుంది. ఆ మాత్ర వాడేవాళ్ళు, బీపీ మందులు వేసుకునేవాళ్ళు, సిల్డెనాఫిల్ (వయాగ్రా) వాడేవాళ్ళు ఈ పౌడర్లు కలిపితే బీపీ మరీ పడిపోయే ప్రమాదం ఉంది. డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోవద్దు. ఇది కుర్రాళ్ళు ఇంట్లో చెప్పాల్సిన మాట, ఎందుకంటే ఆ మెసేజ్‌ని నాన్నకి ఫార్వర్డ్ చేసేది వాళ్ళే.

డబ్బుల మాట కూడా చెప్పాలి. డబ్బా వెల వేలల్లో ఉంటుంది. సూరత్ మిల్లులో నైట్ షిఫ్ట్ చేసి అన్నయ్య పంపిన డబ్బుతో తమ్ముడు అది కొంటుంటే నాకు కడుపు మండుతుంది. బరువులు ఎత్తేవాళ్ళకి కిలో శరీర బరువుకి రోజుకి 1.6 గ్రాముల దాకా ప్రొటీన్ ఉపయోగపడుతుందని పరిశోధనలు చెప్తున్నాయి. 60 కిలోల కుర్రాడికి 96 గ్రాములు. వంద గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో సుమారు 50 గ్రాములు, ఒక్కో కోడిగుడ్డులో ఆరు, వంద గ్రాముల చేపలో ఇరవై దాకా ఉంటాయి. వీటితో పాటు పప్పు, పెరుగు, ఉలవలు ఉండనే ఉన్నాయి. సప్లిమెంట్ కొనే తీరాలంటే ఏళ్ళ తరబడి పరీక్షలకు నిలిచింది క్రియేటిన్, రోజుకి 3 నుంచి 5 గ్రాములు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు దాన్ని కూడా అడిగే వాడాలి.

ఇప్పటికే డబ్బా కొన్నవాళ్ళు వెనక్కి తిప్పి లేబుల్ చదవండి. సిట్రులిన్ ఎన్ని గ్రాములో, కెఫీన్ ఎన్ని మిల్లీగ్రాములో విడివిడిగా రాసి ఉండాలి. "ప్రొప్రైటరీ బ్లెండ్" అని మొత్తం ఒక్క అంకెలో కట్టేసి ఉంటే మీరు ఏది ఎంత మింగుతున్నారో మీకు తెలియదు, వాడకండి. 14 అంకెల ఫుడ్ లైసెన్స్ నంబర్ ఉందో లేదో చూడండి. అది లేని డబ్బాని షాపులో తిరిగిచ్చేయండి, తీసుకోకపోతే బిల్లుతో సహా జిల్లా ఫుడ్ సేఫ్టీ ఆఫీసులో ఫిర్యాదు చేయండి.